బెంచీ మీది క్యాచర్‌కి మావయ్య ఉత్తరం

చి. చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

ఈ ఏడాది కూడా బేస్‌బాల్ జట్టులో నిన్ను రెండో క్యాచర్‌గానే, అంటే మన క్రికెట్‌లో రెండో వికెట్ కీపర్‌లా, ఉంచారట, మానేస్తానంటున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మానేస్తే మానెయ్, నేనేం తిట్టను. కాకపోతే ముందు మన పక్క ఊరివాడి సంగతి విను.

పేరు మో బెర్గ్. 1902లో పుట్టి ఈ న్యూజెర్సీ నెవార్క్‌లోనే పెరిగాడు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో లాటిన్, గ్రీకులతో పాటు మన సంస్కృతమూ చదివాడు, తర్వాత లా పట్టా కూడా తెచ్చుకున్నాడు. పెద్ద లీగుల్లో 15 సీజన్లు ఉన్నాడు. ఆడినవి 663 ఆటలు, కొట్టిన హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) 6. అప్పట్లో సీజన్‌కి 154 ఆటలు. లెక్క వేసుకో, అందులో మూడో వంతు కూడా ఆడలేదు. అన్ని భాషలొచ్చు గానీ ఒక్క భాషలోనూ బ్యాటింగ్ రాదని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో గూఢచారిగా పనిచేశాడు, అందరూ ఆ కథే చెబుతారు. నాకు మాత్రం అతను బెంచీ మీద గడిపిన రోజులే ఇష్టం.

అసలు క్యాచర్‌గా రాలేదు. 1927లో చికాగో వైట్ సాక్స్ జట్టు క్యాచర్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి పడిపోతే, షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్‌గా) ఉన్నవాడి చేతికి క్యాచర్ తోలు గ్లవ్, అదే మిట్, తొడిగారు. 1929లో 107 ఆటలాడాడు. మరుసటేడు మోకాలు పోయింది, ఇక ఎక్కువగా బెంచీయే. అయినా 1939 దాకా ఎవరో ఒకరు జీతమిచ్చి పెట్టుకున్నారు. ఎందుకంటావ్? 1931 నుంచి 1934 దాకా, ఎప్పుడు దింపినా సరే, వరసగా 117 ఆటల్లో ఒక్క ఎర్రర్ (ఫీల్డింగ్ తప్పు) లేదు. పైగా పిచర్లను, అంటే బంతి విసిరేవాళ్లను, చదవడం వచ్చు. బెంచీ మీద కూర్చుని నువ్వు నేర్చుకోవలసింది కూడా అదే. వార్మప్‌లో బంతులు పట్టేది నువ్వేగా? ఇవాళ ఎవడి కర్వ్ వంగుతోంది, ఎవడు అలిసిపోతే మోచెయ్యి కిందికి జారుస్తున్నాడు, నీకే ముందు తెలియాలి. ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకో. కోచ్ అడిగితే చెప్పు, అడక్కపోతే నోరు మూసుకో.

ఇక చేతుల సంగతి. గుంటూరులో మా కాలేజీకి నేను వికెట్ కీపర్‌ని, నీకు తెలుసుగా. ఇక్కడ ఓసారి పిల్లల ప్రాక్టీసుకి క్యాచర్ రాకపోతే, ఏముంది లెమ్మని మాస్కు తగిలించుకుని గొంతుక్కూర్చున్నా. బంతి బ్యాట్ అంచుకి తగిలి తిరిగింది. పాత అలవాటు కదా, రెండు చేతులూ చాపేశా. కుడి బొటనవేలు విరిగింది. ఇప్పటికీ చలికాలం చొక్కా గుండీలు మీ అత్తయ్యే పెడుతుంది. కాబట్టి ఏ బంతి వెయ్యాలో పిచర్‌కి సైగ ఇవ్వడం అయిపోగానే కుడిచెయ్యి మడమ వెనక్కి పోవాలి, బొటనవేలు పిడికిట్లో ఉండాలి.

నేలకి తగిలే బంతిని పట్టుకోవాలని చూడకు. మోకాళ్ల మీదికి దిగు, మిట్‌ని కాళ్ల సందుకి అడ్డం పెట్టు, గడ్డం ఛాతీకి ఆన్చు. బంతి నీకు తగిలి నీ ముందే పడి చావాలి. నొప్పెడుతుంది, అబద్ధమెందుకు.

ఇంకొకటి. బ్యాట్‌కి తగిలి వెనక్కొచ్చిన ఫౌల్ బంతి అంపైర్‌కి గట్టిగా తగిలితే, ఊరికే టైమ్ అడిగి పిచర్ దగ్గరికి నడు. రాత్రి ఏం తిన్నావని అడిగినా సరే, తాపీగా తిరిగి రా. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఓ నిమిషం దొరుకుతుంది. మీ పిచర్ వేసినదాన్ని ఆయన ‘బాల్’ (గురి తప్పింది) అన్నాడని కోపమొస్తే తల మాత్రం వెనక్కి తిప్పకు. ముందుకే చూస్తూ గొణుక్కో. అందరి ముందూ పరువు తీశావంటే మిగతా రోజంతా అటో ఇటో అనిపించే అంచు మీది బంతులు ఆయన నీ వైపు ఇవ్వడు.

శనివారం మిట్ తీసుకుని రా. నీ మిట్ తోలు అట్టలా బిగిసిపోయింది, మొన్న చూశాను. నూనె నా దగ్గరుంది.

మీ మావయ్య