పాఠకుల ప్రశ్నలు – వేటకు కాంపౌండ్ విల్లు ఎంపిక, అమరిక

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఉద్యోగరీత్యా చాలాకాలంగా చెన్నైలో ఉంటున్నాను. టెక్సాస్‌లో స్థిరపడిన మా బావగారు వచ్చే శీతకాలానికి రమ్మని, తనకు తెలిసినవారి భూమిలో విల్లుతో జింకల వేటకు తీసుకెళ్తానని అంటున్నారు. ఆయనది లాగడానికి 70 పౌండ్ల బలం కావలసిన విల్లు. నన్నూ అలాంటిదే కొనమంటున్నారు. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఇంతవరకు విల్లు పట్టి ఎరుగను. ఎలాంటిది కొనాలి? ఎలా అమర్చుకోవాలి? ఇక్కడే సాధన చేసుకొని వెళ్లవచ్చునా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: శిక్షకుడి పర్యవేక్షణలో, గురిచూసి కొట్టే మైదానంలో సాధన ఇక్కడ చేసుకోవచ్చు. వేట మాత్రం ఇక్కడ కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జంతువును చంపడమే కాదు, చంపబోవడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం కూడా వేట కిందికే వస్తాయి కనుక బాణం తగలలేదన్న సాకు చెల్లదు. కొత్త విల్లు చేతికి వచ్చాక ఊరి పొలిమేరలో ఒకసారి ప్రయత్నిద్దామనే స్నేహితులు ఎక్కడైనా ఉంటారు. వారి మాట వినవద్దు.

మీ బావగారు చెప్పిన జింక మన చుక్కల దుప్పి అయినా ఆశ్చర్యం లేదు. 1932లో టెక్సాస్‌కు తీసుకువెళ్లిన ఈ దుప్పులు అక్కడి పచ్చిక భూముల్లో మందలుగా పెరిగి, స్థానిక జింకల మేతకు పోటీ అయ్యాయి. అందువల్ల ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో, లైసెన్సు తీసుకున్నవారు ఏడాది పొడుగునా వీటిని వేటాడవచ్చు. తెల్లతోక జింకకైతే వేట కాలం నిర్ణయించి ఉంటుంది. 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు టెక్సాస్‌లో వేటాడాలంటే వేటగాళ్ల శిక్షణ కోర్సు కూడా పూర్తిచేయాలి. ఆ కోర్సు, లైసెన్సు సంగతులు ప్రయాణానికి ముందే మీ బావగారితో మాట్లాడి తేల్చుకోండి.

ఇక విల్లు, అంటే కొసల్లో కప్పీలు ఉండే కాంపౌండ్ విల్లు. మీ బావగారి విల్లు ఆయన శరీరానికి తగినది. మీకు తగినది వేరు. కొనేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది వేగం గురించి. నా దృష్టిలో అది చిట్టచివర అడగవలసిన ప్రశ్న. పెట్టె మీద రాసే సెకనుకు 340 అడుగులు, 350 అడుగులు అన్న అంకెలు 70 పౌండ్ల బరువు (నారి లాగడానికి కావలసిన బలం), 30 అంగుళాల లాగుడు (నారిని వెనక్కి లాగే పొడవు), 350 గ్రెయిన్ల (బాణాలను తూచే చిన్న కొలమానం) తేలిక బాణంతో కొలిచినవి. మీ ఎత్తు మనిషికి ఆ లాగుడు సరిపడదు. రెండు చేతులూ పక్కలకు బారగా చాపి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస వరకు ఎవరితోనైనా అంగుళాల్లో కొలిపించి, దాన్ని రెండున్నరతో భాగించండి. మీ బార 68 అంగుళాలైతే లాగుడు పొడవు సుమారు 27 అంగుళాలు. ఇది మొదటి అంచనా మాత్రమే. విల్లు పూర్తిగా లాగి నిలిచినప్పుడు నారి ముక్కు కొసను తాకుతూ, మీ తల నిటారుగా ఉండి, విల్లు పట్టిన చేతి మోచేయి బిగుసుకుపోకుండా ఉంటే కొలత కుదిరినట్టు. నారిని అందుకోవడానికి తల వెనక్కి వాలుతుంటే లాగుడు ఎక్కువైందని అర్థం. కొత్తవారిలో నేను తరచుగా చూసే లోపం ఇదే. దుకాణదారులు కూడా దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తారు, ఎందుకంటే లాగుడు పెరిగితే వేగం అంకె పెరుగుతుంది. అందుకే మాడ్యూల్ అనే చిన్న భాగాన్ని తిప్పి లాగుడు మార్చుకునే వీలున్న కామ్‌లు (కొసల్లోని కప్పీలు) గల విల్లే కొనండి. అరంగుళం అటూ ఇటూ సవరించవలసి వచ్చినా విల్లు మార్చనక్కరలేదు.

విల్లు కొనేముందు మీ ప్రధాన నేత్రం ఏదో తెలుసుకోండి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, చేతులు చాపి, రెండు కళ్లతోనూ దూరాన ఉన్న గడియారాన్ని అందులోంచి చూసి, ఒక్కొక్క కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అదే ప్రధాన నేత్రం. విల్లు ఆ కన్ను వైపు చేతివాటానిదే తీసుకోండి, ఎందుకంటే కుడిచేతివాటానికి చేసిన కాంపౌండ్ విల్లును తరువాత ఎడమచేతికి మార్చుకోవడం కుదరదు.

బరువు విషయంలో నా సలహా స్పష్టం. గరిష్ఠంగా 60 పౌండ్ల విల్లు కొని, లింబ్ బోల్టులు (లింబ్‌లను, అంటే విల్లు కొమ్ములను, పిడికి బిగించే మరలు) వదులు చేసి 50 పౌండ్ల దగ్గర మొదలుపెట్టండి. పైబోల్టు ఎన్ని చుట్లు తిప్పితే కిందిది కూడా అన్నే చుట్లు తిప్పాలి, తయారీదారు చెప్పిన పరిమితి దాటకూడదు. కుర్చీలో కూర్చుని, పాదాలు నేల నుంచి కాస్త పైకెత్తి, విల్లును ఆకాశం వైపు లేపకుండా గురి దిశలోనే నిదానంగా లాగగలిగితే ఆ బరువు మీదే. లాగడానికి భుజాలు ఎగరేయవలసి వస్తే తగ్గించాలి. చలిలో గంటల తరబడి కదలకుండా కూర్చున్నాక, మందపాటి కోటుతో, జింకకు కనబడేంత కదలిక లేకుండా లాగవలసి ఉంటుందన్నది గుర్తుంచుకోండి. చెన్నై ఎండలో చెమటలు కక్కుతూ లాగిన కండరాలు అక్కడ అలా పలకవు. 1969లో పేటెంటు పొందిన మిస్సోరీవాసి హోలెస్ విల్బర్ అలెన్ ఈ కప్పీల విల్లును తయారుచేసింది, లాగుడు చివరికి వచ్చేసరికి బరువు పడిపోయేలాగానే. ఆ తగ్గుదల, అంటే లెట్-ఆఫ్, 80 శాతమైతే 60 పౌండ్ల విల్లును నిలిపి ఉంచడానికి చేతి మీద పడేది 12 పౌండ్లే. అయితే ఆ మెట్టు చేరేలోపు శిఖరం దాటవలసినది మీ భుజమే. పైగా ప్రపంచ ఆర్చరీ పోటీల్లోనూ కాంపౌండ్‌కు 60 పౌండ్లే గరిష్ఠ పరిమితి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 50 మీటర్ల గురిని ఆ పరిమితిలోనే కొట్టింది.

ఆ బరువు జింకకు సరిపోతుందా అన్న అనుమానం సహజం. 425 గ్రెయిన్ల బాణం, అంటే దాదాపు 27న్నర గ్రాములు, సెకనుకు 250 అడుగుల వేగంతో వెళ్తే దాని శక్తి 59 ఫుట్-పౌండ్లు. జింక స్థాయి జంతువుకు సాధారణంగా సూచించేది 25 నుంచి 41. కనుక తేలిక బాణంతో వేగం వెంట పడడం కన్నా, విల్లు పౌండు ఒక్కింటికి ఏడు గ్రెయిన్ల వంతున బరువున్న బాణం వేయండి. అది లోతుగా దిగుతుంది, విల్లు చప్పుడూ తగ్గుతుంది. బాణం బిగువును స్పైన్ అంకెతో చెబుతారు. 28 అంగుళాల ఎడంతో రెండు ఆధారాల మీద పెట్టి నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే 0.400 అంగుళం వంగేది 400 స్పైన్. అంకె తగ్గేకొద్దీ బాణం బిగువు. మీ కొలతలకు 400 దగ్గర మొదలుపెట్టి, బాణాల తయారీదారు పట్టికతో సరిచూసుకోండి.

అమరికలో మొదట నారికి డీ-లూప్ (నారిని లాగే పరికరం తగిలించే చిన్న తాడు ఉంగరం) కట్టించి, బాణం రెస్ట్ (బాణాన్ని ఆనించే ఆధారం) మీద నిలిచినప్పుడు నారికి లంబంగా, రెస్ట్ బిగించే మర రంధ్రం ఎత్తులో ఉండేలా చూడాలి. పీప్ సైట్ (నారిలో అమర్చే చిన్న చూపు రంధ్రం) ఎత్తు కళ్లు మూసుకొని నిర్ణయించాలి. కళ్లు మూసి, లాగి, దవడ దగ్గర చేయి ఎప్పుడూ నిలిచేచోట నిలిపి, అప్పుడు కళ్లు తెరిస్తే పీప్ రంధ్రంలోంచి సైట్ (పిడికి బిగించిన గురిచూపు పరికరం) వలయం గుండ్రంగా, పూర్తిగా కనబడాలి. తల దించవలసినా ఎత్తవలసినా పీప్‌ను జరిపించండి. ఆ తరువాత చట్రానికి బిగించిన కాగితానికి రెండు మీటర్ల దూరంలో నిలబడి, వెనక మెత్తని టార్గెట్ పెట్టి, బాణం వేయాలి. మొన చేసిన గుండ్రటి రంధ్రం చుట్టూ ఈకల చీలికలు సమంగా ఉంటే బాణం తిన్నగా వెళ్తోందన్నమాట. చీలిక పైకి సాగితే బాణం తోక పైకెత్తుకొని వెళ్తోంది. రెస్ట్‌ను వెంట్రుకవాసి పైకి గాని, డీ-లూప్‌ను కిందికి గాని జరపాలి. కాగితం చీలిక ప్రతిసారీ ఒక్కోలా వస్తుంటే విల్లును ముట్టుకోకండి. అది మీ పట్టులోని తేడా. విల్లు పిడిని పిడికిలితో బిగించి పట్టేవారికి ఇలాగే జరుగుతుంది. బొటనవేలి మొదలున్న కండ మీద విల్లును ఆననిచ్చి వేళ్లు వదులుగా ఉంచాలి.

బాణం లేకుండా నారిని లాగి వదలవద్దు. బాణంతో పోవలసిన శక్తి అంతా కామ్‌ల మీద, లింబ్‌ల మీద పడి అవి విరుగుతాయి, విరిగిన ముక్క కంటికి తగలవచ్చు. ఇంటికొచ్చిన పిల్లలు, బంధువులు సరదాగా లాగిచూస్తామంటారు కనుక విల్లును గోడకు తగిలించకుండా పెట్టెలో ఉంచండి.

చివరగా దూరం. సెకనుకు 250 అడుగుల బాణం 30 గజాలు చేరడానికి సెకనులో మూడో వంతుకు పైనే పడుతుంది. విల్లు చప్పుడు సెకనులో పన్నెండో వంతులోనే చేరుతుంది. ఆ పావుసెకను ఎడంలో జింక పరుగెత్తడానికి ముందుకాళ్లు వంచి కిందికి కుంగుతుంది, బాణం వీపు మీదుగా పోతుంది, లేదా అంతకన్నా ఘోరంగా వెన్ను దగ్గర గాయపరుస్తుంది. చుక్కల దుప్పి ఈ విషయంలో మహా చురుకు. అందువల్ల తొలిసారి వెళ్లే మీరు 20 గజాలకు మించి బాణం వేయకండి. జంతువు పూర్తిగా పక్కకు తిరిగి గాని, కాస్త అవతలికి మళ్లి గాని నిలిచినప్పుడే ఊపిరితిత్తులకు దారి తెరుచుకుంటుంది. ఎదురుగా నిలిచినప్పుడు వేయకూడదు. మీ ఇంటికి దగ్గరలోని గిండీ ప్రాంతంలో దుప్పులు కనబడినప్పుడు ఖాళీ చేతులతో, దూరం నుంచే నిలబడి గమనించండి. అది ఎన్ని గజాల్లో ఉందో అంచనా వేయండి, ముందుకాలు ఒక అడుగు ముందుకు వేసినప్పుడు భుజం ఎముక ఎలా పక్కకు తొలగుతుందో చూడండి, చిన్న అలికిడికి తల ఎత్తకముందే చెవులు ఎటు తిరుగుతాయో చూడండి. బాణం ఎప్పుడు వేయకూడదో తెలియడానికి మైదానంలోని కాగితపు గురికన్నా ఈ చూపు ఎక్కువ ఉపకరిస్తుంది.

ప్రశ్న: అట్లాంటాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు వేటకని నా బాణాలకు బ్రాడ్‌హెడ్లు (బ్లేళ్లున్న వేట ములుకులు) పెట్టి కొట్టాను. మామూలు మొనలు 20 గజాల్లో గురి మధ్యలో పడుతుంటే, అదే బరువున్న బ్రాడ్‌హెడ్లు నాలుగు అంగుళాలు ఎడమకు, కాస్త కిందికి పడుతున్నాయి. సైట్ జరిపితే చాలదా?
– ఒక పాఠకురాలు, అన్నానగర్, చెన్నై

జవాబు: చాలదమ్మా. సైట్ జరిపితే బ్రాడ్‌హెడ్లు మధ్యలో పడతాయేమో గాని, బాణం వంకరగా పోవడం పోదు. వెడల్పైన ఆ ములుకులు గాలిలో రెక్కల్లా పనిచేసి, బాణంలో ఉన్న చిన్న వంకరను పెద్దది చేస్తాయి. అది దిగే లోతును కూడా తగ్గిస్తుంది. సైట్‌ను ముట్టుకోకుండా, బ్రాడ్‌హెడ్లు మామూలు మొనలు పడినచోటికి రావలసిన దిశలో, అంటే మీ విషయంలో కుడికి, పైకి, రెస్ట్‌ను అంగుళంలో ముప్పైరెండో వంతు చొప్పున జరుపుతూ రెండు రకాలూ మార్చి మార్చి కొట్టండి. ఒకేసారి కుడికీ పైకీ జరపక, ఒక దిశ కుదిరాక రెండోది చూడండి. రెండూ ఒకేచోట పడ్డాక చివర్లో సైట్ సరిచేసుకోండి. ఎంత జరిపినా కలవకపోతే బాణం స్పైన్ గాని, కామ్ వాలు గాని కారణం. కామ్ వాలు సరిచేయడానికి బో ప్రెస్ (విల్లును వంచి నారిని వదులు చేసే యంత్రం) కావాలి, అది అనుభవజ్ఞుడైన మెకానిక్ పని. సాధనకు వాడి మొద్దుబారిన బ్లేళ్లతో వేటకు వెళ్లవద్దు. కొత్తవి వేసుకోండి.

ప్రశ్న: చెన్నై ఉక్కపోతలో విల్లు పాడవకుండా ఎలా ఉంచాలి?
– ఒక పాఠకుడు, తిరువాన్మియూరు, చెన్నై

జవాబు: ఎండలో నిలిపిన కారులో విల్లును వదలకండి. మూసిన కారు వేడికి నారి, కేబుళ్లు సాగి పీప్ తిరిగిపోతుంది, రెండు కామ్‌లూ ఒకేసారి తిరగడం తప్పుతుంది, లింబ్‌లు కూడా దెబ్బతింటాయి. సముద్రపు గాలికి మరలు, ఇరుసులు తుప్పు పడతాయి కనుక సాధన అయ్యాక పొడిబట్టతో తుడిచి, ఇనుప భాగాలకు సన్నగా నూనె రాసి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. నారి పోగులు గరుకుదేలినట్టు కనబడితే మైనం రాసి వేళ్లతో వెచ్చబడేదాకా రుద్దాలి. నారికి కాపుగా చుట్టిన దారం మీద రాయనక్కరలేదు. ఒక్క పోగు తెగినా ఆ నారితో మరొక బాణం వేయకండి. తెగకపోయినా రెండు మూడేళ్లకు నారి, కేబుళ్లు కలిపి మార్పించి, కొత్తవి కుదురుకునేదాకా కొన్ని రోజులు కొట్టాకనే పీప్‌ను, సైట్‌ను మళ్లీ సరిచూసుకోండి.