పాపా, చేసేదేదో పగలు చెయ్యి

పాపా,

బెంగళూరు వదిలి అనంతపురంలో ఇల్లు తీసుకుంటున్నావనీ, ఇకమీదట ప్రకృతిని కొలిచే పేగన్‌గానే బతుకుతానని తేల్చి చెప్పేసినావనీ మీ నాయన ఫోన్ చేసినాడు. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. నాకైతే నాయన ఎదుట నిలబడి అంత మాట చెప్పినావని గర్వం, దాంతోపాటే టెన్షన్.

కొవ్వొత్తులు కర్టెన్ దగ్గర పెట్టొద్దు. పూజ పీఠం మీద ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం. ఇక మీ పేగన్లు ఏడాది పొడుగునా కాలాలను బట్టి చేసుకునే ఆ ఎనిమిది పండగలంటావా, ఇంగ్లండ్ తేదీలు పట్టుకుని ఇక్కడ చేస్తే నవ్విపోతారు. ఆగస్టు 1న వాళ్లు లామాస్ అని గోధుమ కోతల పండగ చేసుకుంటారు, అప్పటికి మన చేలో వేరుశనగకు ఊడలు దిగుంటే గొప్ప. మే 1న బెల్టేన్ పండగ మంటలంట, మన ఎండకు ఆ మంట ఒకటే తక్కువ! కాలాలు తలకిందులుగా వచ్చే ఆస్ట్రేలియాలో వాళ్లు ఆరు నెలలు అటూ ఇటూ మార్చుకుంటారని నువ్వే కదా చెప్పినావు, నువ్వూ మన వానలను బట్టి మార్చుకో. పున్నమి పూజకు మాత్రం ఏ తంటా లేదు.

నాకున్న భయం వేరే. మా వీధిలో మిషన్ కుట్టే ఆమె ఒకామె ఉండేది. పిల్లల కోసం మొక్కుకుని, అమావాస్య రాత్రి అందరూ పడుకున్నాక వీధి చివర వేపచెట్టు కింద ముగ్గేసి, నిమ్మకాయ కోసి కుంకుమద్ది పెట్టొచ్చేది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పొద్దున చీమలు పట్టిన ఆ నిమ్మచెక్కలు ఎవరి కంటనో పడినాయి, అదే వారం ఒక పిల్లోడికి జ్వరం తగులుకుంది, ఇంకేముంది, చేతబడి అన్నారు. కుట్టడానికిచ్చిన జాకెట్ గుడ్డలు కుట్టకముందే వెనక్కి తీసుకుపోయినారు. కొళాయి దగ్గర ఆమె బిందెను కాలితో పక్కకు నెట్టినారు. చివరికి మొగుడు సైకిల్ మీద మిషన్ కట్టుకుని ఆమెతో ఊరు వదిలిపోయినాడు. అదే మొక్కు పగలు, పక్కింటామెను తోడు తీసుకుపోయి తీర్చుకునుంటే, ఇంకో నలుగురు ఆడవాళ్లు తమ మొక్కులు కూడా అదే చెట్టు కిందికి తెచ్చుకునేవాళ్లు.

ఇంగ్లండ్‌లోనే 1951లో పాత మంత్రవిద్య చట్టం తీసేశాక గదా ఈ కాలపు పేగన్ మంత్రవిద్యను లోకానికి చెప్పిన ఆ గార్డనర్ ధైర్యంగా పుస్తకం రాసి బయటపడింది. నువ్వేమో ఇన్‌స్టాలో పేరు పక్కన విచ్, అంటే మంత్రగత్తె, అని పెట్టుకున్నావంట! బుద్ధుందా? ఓనరమ్మ కూతురు చూస్తే? తీసెయ్యమని అననులే, అన్నా నువ్వు వినవు. చిన్నప్పుడూ అంతే, సుంకులమ్మ రాయి ముందు నీ బొరుగుల్లో సగం పోసి, మిగతావి నాకివ్వకుండా తినేదానివి. అప్పుడు నిన్నెవరూ ఏమీ అనలేదు, నలుగురి ముందే చేసినావు కాబట్టి.

అందుకే ఇంట్లో దిగిన మొదటి వారమే పక్కింటివాళ్లను పిలిచి నీ పీఠం చూపించు. పున్నమికి దీపం పెడతా, చెట్టుకు నీళ్లు పోస్తా, ఎవరికీ చెడు కోరను అని చెప్పు, అందులో అబద్ధమేం లేదు కదా. ప్రసాదమేదైనా చేస్తే వాళ్లకూ పెట్టు. అడ్వాన్స్ కట్టకముందు ఓనరమ్మతో నేనొకసారి మాట్లాడతా, ఆదివారం పొద్దున నాకు వీలవుతుంది.

మీ అత్త