మనియార్డరు అమ్మ పేరనే వచ్చేది

ప్రశ్న: మా నాన్నగారు సైన్యంలోని ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరి సుబేదారుగా రిటైరయ్యారు. 1971 యుద్ధంలో బసంతర్ నది దగ్గర మందుపాతరలు తీశారు. అప్పటికి నేను చంటివాణ్ణి. ఎక్కడున్నా నెల తిరిగేసరికి అమ్మ పేర మనియార్డరు పంపేవారు. రిటైరయ్యాక మమ్మల్ని, మనవల్ని కళ్లలో పెట్టుకుని చూసుకున్నారు. వచ్చే నెల సంవత్సరీకం. ఊళ్లో యూనిఫాంతో విగ్రహం పెట్టాలని తమ్ముడు, జీవితకథ పుస్తకంగా వేయాలని నేను. ఈ గొడవతో మాటల్లేవు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆమెకు బ్యాంకు పనులు తెలియవు, ఫ్యామిలీ పెన్షన్ నేనే చూస్తున్నాను, కావలసినవన్నీ కొనిస్తున్నాం. ఈమధ్య తమ్ముడింటికి వెళ్తానంటే, నలుగురూ ఏమనుకుంటారని ఆపాను. విగ్రహమా, పుస్తకమా?
– ఓ కొడుకు, తాడేపల్లిగూడెం

జవాబు: డబ్బుంటే రెండూ చేయండి, లేకపోతే రెండూ మానేయండి. నాకు నిద్ర పట్టనివ్వనిది మీరు చివర్లో అమ్మ గురించి రాసిన నాలుగు ముక్కలు.

మనియార్డరు అమ్మ పేర వచ్చేదని గర్వంగా రాశారు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో కొడుకు జీతం తండ్రి చేతికే వెళ్లేది. కోడలికి పది రూపాయలు కావాలన్నా మామగారిని అడగాల్సిందే. అలాంటి కాలంలో మీ నాన్నగారు ఇల్లు ఆమె చేతిలో పెట్టారు. జవానుకు వార్షిక సెలవు రెండు నెలలు. మిగతా రోజులన్నీ మీ జ్వరాలు, స్కూలు ఫీజులు, అత్తమామల మందులు చూసిందెవరు? ఆ డిసెంబరులో ఆయన ట్యాంకులకు దారి చేస్తుంటే, మిమ్మల్ని ఒళ్లో వేసుకుని, 56 ఏపీవో (సైనిక తపాలా) ఉత్తరం కోసం ఎదురుచూస్తూ, టెలిగ్రాం వస్తుందేమోనని భయపడిందెవరు? మీ పక్కనే, సైనికుల ఊరిగా పేరున్న మిలటరీ మాధవరంలో ఏ పెద్దావిడను అడిగినా చెబుతుంది అది ఎలాంటి బతుకో. అంత సంసారం ఈదినావిడకు బ్యాంకు పనులు తెలియవంటారా? తెలియకపోతే నేర్పండి.

ఫ్యామిలీ పెన్షన్ భర్త చేసిన సేవకు భార్యకు దక్కే హక్కు. కొడుకు ఎంత మంచివాడైనా, గుడి హుండీలో వేసే పదికీ, మనవరాలి చేతిలో పెట్టే వందకీ తల్లి చెయ్యి చాచకూడదు. ఈ విషయంలో నేను మీతో రాజీపడను. తమ్ముడింటికి వెళ్తానంటే స్వయంగా దిగబెట్టి రండి. అతనూ ఆ కడుపున పుట్టినవాడే. ఎన్నాళ్లుంటుందో ఆమె ఇష్టం.

ఈ వారంలోనే పాస్‌బుక్, ఏటీఎం కార్డు ఆమెకిచ్చేయండి. ఖాతాకు మీ ఫోన్ నంబరుంటే మార్చి ఆమెది పెట్టించండి. పీపీవో (పెన్షన్ ఉత్తర్వు), డిశ్చార్జి బుక్, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఆమె బీరువాలో ఉండాలి. ఏటా లైఫ్ సర్టిఫికెట్‌కు తోడు వెళ్లండి. చిక్కులొస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది.

ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ ఆమె ముందు కూర్చుని, సంవత్సరీకం ఎలా జరపాలో అడగండి. పుస్తకమే అనుకుంటే ముందు ఆమె చెప్పింది రాసుకోండి. చిన్నప్పుడు మీకు తెలిసిన నాన్న సెలవులో వచ్చిన నాన్నే. ఉత్తరాల్లో ఉన్న మనిషి ఆమెకు తెలుసు. రెండూ వద్దంటే ఇక వాదించకండి. ఏది చేసినా ఆమె పెన్షన్‌లోంచి మాత్రం రూపాయి తీయకండి.