పెంపుడు కుక్క పోయింది... పాప నిద్రపోవడం లేదు

ప్రశ్న: మా పాపకు అయిదేళ్లు. మా కుక్క టామీ 12 రోజుల క్రితం చనిపోయింది. పోయే ముందు రెండు రోజులు అది తిండి ముట్టలేదు, సొంగ కార్చింది. ఊరెళ్లిందని పాపకు చెప్పాం. అప్పట్నుంచి రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది, పక్క తడుపుతోంది. నిద్రకని జలుబు సిరప్ పడుతున్నాం. కుక్కపిల్లను తెస్తే మర్చిపోతుందా?
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: కుక్కపిల్ల సంగతి తర్వాత. నన్ను కంగారు పెడుతున్నది టామీ పోయిన తీరు. తిండి మాని, సొంగ కార్చి పోవడం రేబిస్ (పిచ్చికుక్క వ్యాధి) కావచ్చు, వేరే జబ్బులూ కావచ్చు. చూడకుండా రేబిస్ అని నేను అనలేను, కాదని మీరూ అనుకోకూడదు. చనిపోయే ముందు రెండు వారాల్లో టామీ పాపను గీరిందా, పంటితో నొక్కిందా, పుండు మీదో పెదాల మీదో నాకిందా? ఇంట్లో ఎవరికైనా అలా జరిగుంటే, సరిగ్గా గుర్తులేకపోయినా, ఇవాళే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. పన్నెండు రోజులైపోయాయిగా అని ఊరుకోవద్దు. ఇప్పుడైనా టీకా మొదలుపెట్టవచ్చు; లక్షణాలు మొదలయ్యాక మాత్రం చేయగలిగేది దాదాపు ఉండదు. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0 (మొదటి డోసు రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల మందు) కూడా కావాలి. టీకా మొదటి డోసు పడి 7 రోజులు దాటితే అది ఇవ్వరు. టామీ టీకా కార్డు ఉంటే పట్టుకెళ్లండి. ఇంటి కుక్కే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

సిరప్ ఆపేయండి. జలుబు మందును నిద్రమందు చేయమని ఎవరు చెప్పారమ్మా? కొందరు పిల్లలకు దాంతో చిరాకు, అలజడి పెరుగుతాయి. పైగా పాప మగతగా ఉంటే అది మందు వల్లో, జబ్బు వల్లో చూసే డాక్టరుకు తేల్చడం కష్టం.

ఇక పాపకు నిజం చెప్పాలి. ఈ వయసు పిల్లలు, పోయినవాళ్లు తిరిగొస్తారనుకుంటారు. తాము తోక లాగినందుకే పోయిందనీ అనుకుంటారు. అలాంటప్పుడు సూది వేయిస్తే శిక్షేమో అనిపిస్తుంది. అందుకే ఆసుపత్రికి బయల్దేరే ముందే చెప్పండి: "టామీ చనిపోయింది. దాని గుండె ఆగిపోయింది, ఇక రాదు. నీ వల్ల కాదు." 'ఊరెళ్లింది' అంటే రేపు మీరు ఊరెళ్లినా బెంగపడుతుంది. 'నిద్రపోయింది' అంటే పడుకోవడానికే భయపడుతుంది. పదిసార్లు అడిగినా అదే జవాబివ్వండి.

పక్క తడపడం కొన్ని వారాలు ఉండొచ్చు, తిట్టకండి. మూత్రంలో మంట, జ్వరం, అతిదాహం, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం బెంగ అనుకోకుండా వెంటనే మూత్రం, షుగర్ పరీక్షలు చేయించండి. నాలుగు వారాలకీ తగ్గకపోయినా, 'టామీ దగ్గరికి వెళ్తా' అని పదేపదే అంటున్నా పిల్లల మానసిక నిపుణులకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

కుక్కపిల్ల అంటారా? పాప టీకాలన్నీ పూర్తయ్యాక, తనే అడిగినప్పుడు తెండి. దానికి మూడో నెలలో రేబిస్ టీకా, ఆపై పశువైద్యుడు చెప్పినప్పుడల్లా బూస్టర్.