ప్రయాణానికి, ఆటకు, రోజువారీ పనికి ఒకే మౌస్ సరిపోతుందా?

సివిల్ ఇంజనీరింగు చదువుతున్న మీ తమ్ముడికి మౌస్ కొనాలనీ, అతను ప్రతి శనివారం హాస్టలు నుంచి ఇంటికి ల్యాప్‌టాప్ మోసుకొస్తాడనీ, పగలు డ్రాయింగులు గీసే ఆటోకాడ్, ఎక్సెల్ పని ఉంటే రాత్రి గురి చూసి కాల్చే వాలరెంట్ ఆట ఆడతాడనీ, పెట్టె మీద డీపీఐ ఎక్కువగా రాసి ఉన్నదే మంచిదని దుకాణంలో చెప్పారనీ రాశారు. నేను విజయవాడలో పద్నాలుగేళ్ళుగా కట్టడాల డ్రాయింగులు గీసే పనిలో ఉన్నాను. నెలకు రెండు మూడు సార్లు ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని హైదరాబాదు వెళ్తుంటాను. మా అక్క కొడుకు సెలవులకు వచ్చినప్పుడల్లా నా పాత కంప్యూటరు మీద ఆటలు ఆడతాడు. కాబట్టి మీరు అడిగిన మూడు పనులనూ నేను దగ్గరగా చూశాను. నా సమాధానం ఇది: ఒకటే సరిపోతుంది, కానీ దాన్ని ఆట కోసం చేసిన మౌసుల్లోంచి ఎంచుకోవాలి. ఆటకు పనికొచ్చే మౌస్‌ను సంచిలో పెట్టుకుని తిరగడం కష్టం కాదు. ప్రయాణం కోసమని చదునుగా, చిన్నగా చేసిన మౌస్‌తో ఆడటం, గంటల తరబడి గీతలు గీయడం మాత్రం నిజంగా కష్టం.

ముందుగా డీపీఐ సంగతి తేల్చేద్దాం. మౌస్‌ను ఒక అంగుళం జరిపితే అది కంప్యూటరుకు ఎన్ని చిన్న చిన్న కదలికలుగా లెక్కపెట్టి పంపుతుందో చెప్పే అంకె అది, అంతకు మించి ఏమీ కాదు. ల్యాప్‌టాప్ తెర అడ్డంగా 1920 చుక్కలు ఉందనుకుంటే, 800 డీపీఐ దగ్గర ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళడానికి చేయి సుమారు 6 సెంటీమీటర్లు జరగాలి, 1600 దగ్గర 3 సెంటీమీటర్లు చాలు. అదే 12000 దగ్గర పెడితే 4 మిల్లీమీటర్లు కదిలేసరికి బాణం గుర్తు తెర దాటిపోతుంది. అంత సన్నని కదలికలో ఒక చిన్న గడి మీద చేతిని ఆపడం ఎవరి వల్లా కాదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ బాగా ఆడేవాళ్ళలో ఎక్కువమంది 400 నుంచి 1600 మధ్యే ఉంచుకుని, ఆటలో సెన్సిటివిటీ (చేతి కదలికకు గురి ఎంత తిరగాలనే సెట్టింగు) కూడా తగ్గించి, మణికట్టుతో కాకుండా ముంజేయి మొత్తంతో మౌస్‌ను జరుపుతారు. మా మేనల్లుడు 800 దగ్గర ఆడతాడు, నేను గీతపనికి 1200 పెట్టుకుంటాను. ఈ రోజుల్లో కాస్త పేరున్న ఏ మౌస్ అయినా ఈ అంకెలను సులువుగా అందుకుంటుంది కాబట్టి, పెట్టె మీద పెద్ద అంకె ఉన్నంత మాత్రాన ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు. దానికంటే విండోస్ సెట్టింగుల్లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ అనే గడిలో టిక్కు ఉంటే తీసేయమని మీ తమ్ముడికి చెప్పండి. అది ఉన్నంతసేపూ చేయి ఎంత వేగంగా కదిలితే బాణం అంత ఎక్కువ దూరం దూకుతుంది, అందువల్ల చేతికి దూరం ఎప్పటికీ అలవాటు కాదు.

అసలు చూడవలసింది చేతి కొలత. మణికట్టు దగ్గరి గీత నుంచి మధ్యవేలి కొస వరకు స్కేలుతో కొలవండి. నాది పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు. ఐదేళ్ళ క్రితం ఒక సైటు పని మీద మూడు వారాలు బయట ఉండవలసి వచ్చి, సంచిలో చోటు కలిసొస్తుందని అరచేతిలో ఇమిడిపోయే పలుచని మౌస్ ఒకటి కొన్నాను. మొదటి రెండు రోజులు ముచ్చటగానే ఉంది. వారం గడిచేసరికి ఉంగరపు వేలు, చిటికెన వేలు ఆనడానికి చోటు లేక బల్లకు రాసుకోవడం, మౌస్ జారిపోకుండా బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకోవడం వల్ల బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. ఇంటికి వచ్చి పాత పెద్ద మౌస్ పట్టుకున్నాక పది పన్నెండు రోజులకు అది తగ్గింది. తప్పు ఆ మౌస్‌ది కాదు, మెయిళ్ళు చూసుకుని పక్కన పెట్టేవాళ్ళకు అది చక్కగా సరిపోతుంది. రోజుకు ఎనిమిది గంటలు పట్టుకునే చేతికి మాత్రం అరచేయి ఆనేంత ఎత్తు ఉండాలి. వేళ్ళలో తిమ్మిరి ఎక్కుతుంటే మౌస్ మార్చడంతో ఊరుకోకుండా వైద్యుడికి చూపించుకోవడం మంచిది.

మీ తమ్ముడు సివిల్ అన్నారు కాబట్టి చక్రం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మౌస్‌ల గురించి చెప్పేవాళ్ళెవరూ దీన్ని పట్టించుకోరు. ఆటోకాడ్‌లో చక్రం తిప్పితే డ్రాయింగు దగ్గరకూ దూరానికీ జరుగుతుంది, నొక్కి పట్టి లాగితే డ్రాయింగు కాగితంలా పక్కకు జరుగుతుంది, రెండు సార్లు టకటకా నొక్కితే డ్రాయింగు మొత్తం తెర మీదకు వస్తుంది. అంటే రోజులో కొన్ని వందల సార్లు చక్రాన్ని కిందికి నొక్కవలసి ఉంటుంది. చవక మౌసుల్లో ఈ నొక్కుడు ఎంత బిగుతుగా ఉంటుందంటే, నొక్కేటప్పుడు చక్రం ఒక పన్ను ముందుకో వెనక్కో తిరిగిపోయి, జరగవలసిన డ్రాయింగు ఉన్నట్టుండి పెద్దదైపోతుంది. స్తంభాల లేఅవుట్‌లో ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్ళాలనుకున్న ప్రతిసారీ ఇలా జరిగితే ఎంత విసుగో ఆ పని చేసినవాళ్ళకు తెలుస్తుంది. స్కెచ్‌అప్‌లో చక్రం నొక్కి పట్టి కట్టడాన్ని చుట్టూ తిప్పి చూస్తాం కాబట్టి అక్కడ ఇది ఇంకా ముఖ్యం. అందుకే దుకాణంలో మౌస్ చేతికివ్వగానే నేను ముందు చక్రాన్ని పదిసార్లు నొక్కి చూస్తాను, తరువాతే మిగతావి. పన్ను పన్నుకూ స్పష్టంగా ఆగుతూ, నొక్కినప్పుడు మెత్తగా దిగి, పక్కకు ఊగని చక్రం కావాలి. ఆటలో ఆయుధం మార్చేవాళ్ళకూ ఇదే కావాలి కనుక, ఆట మౌసుల్లో చక్రాలు సాధారణంగా బాగుంటాయి.

ఇక వైరా, వైర్‌లెస్సా అన్నది. వైరు ఉన్నదానికి బ్యాటరీ సెల్లు అక్కర్లేదు, సిగ్నలు గొడవ లేదు, అదే నాణ్యతకు ధర తక్కువ. హాస్టలు గదిలోనే ఉండిపోయేదైతే నేను వైరే కొనమనేవాణ్ణి. కానీ వారానికోసారి సంచిలోకి వెళ్ళి వచ్చే వైరు, మౌస్‌లోంచి బయటకు వచ్చే చోట మడతపడి మడతపడి లోపల తెగుతుంది. నా వైరు మౌస్ ఒకటి సరిగ్గా అలాగే పోయింది. వైర్‌లెస్‌లో మళ్ళీ రెండు రకాలు. యూఎస్‌బీలో గుచ్చే చిన్న రిసీవరుతో 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసేది ఒకటి, బ్లూటూత్‌ది ఇంకొకటి. ఆట మౌస్ తన రిసీవరుతో సెకనుకు 1000 సార్లు, అంటే మిల్లీసెకనుకు ఒకసారి, తానెంత కదిలిందో చెబుతుంది. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి చెబుతుంది. ఎక్సెల్‌లో ఈ తేడా ఎవరికీ తెలియదు, కానీ ఆటలో తెలుస్తుంది. బ్లూటూత్ మౌస్‌కు పోర్టు అవసరం లేకపోవడం ప్రయాణంలో గొప్ప సౌకర్యమే అయినా, కాసేపు కదపకపోతే నిద్రపోయి, మళ్ళీ ముట్టుకున్నప్పుడు తేరుకోవడానికి ఒక క్షణం తీసుకుంటుంది. ఆటకు అది పనికిరాదని మా మేనల్లుడు ఒక్క సాయంత్రంలోనే తేల్చేశాడు.

రిసీవరు విషయంలో నాకు జరిగినది చెబితే మీకు ఉపయోగపడవచ్చు. ఆఫీసులో కొత్త కంప్యూటరు వచ్చాక నా వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది. సెల్లు మార్చాను, ప్యాడ్ మార్చాను, చివరకు మౌసే పోయిందనుకున్నాను. ఫైళ్ళ కాపీ కోసం పెట్టిన హార్డ్ డిస్క్ తీసినప్పుడల్లా బాగుపడుతోందని గమనించాక అసలు కారణం తెలిసింది. నీలి రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటి తీగలు పనిచేసేటప్పుడు సరిగ్గా ఆ 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే రేడియో గోల పుట్టిస్తాయి, ఇంటెల్ సంస్థ 2012లోనే ఈ విషయాన్ని ఒక పత్రంలో వివరించింది. అడుగు పొడవున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షను తీగతో రిసీవరును మౌస్ దగ్గరకు తెచ్చి పెట్టేసరికి సమస్య పోయింది. మీ తమ్ముడి మౌస్ ఎప్పుడైనా ఇలా తడబడితే పారేయకుండా ముందు రిసీవరును ఇంకో వైపు పోర్టులో పెట్టి చూడమనండి. మరొకటి, రిసీవరును దాచుకునే అర మౌస్‌లోనే ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. లాడ్జి గదిలో నా రిసీవరు ఒకటి పోయాక, దానికి సరిపడే ఇంకో రిసీవరు దొరకక, బాగా ఉన్న మౌస్‌ను మూలన పెట్టవలసి వచ్చింది.

ప్రయాణంలో ఎదురయ్యే ఇంకో చిక్కు బల్లలు. మౌస్ అడుగున ఉన్న సెన్సరు కింద ఉన్న ఉపరితలాన్ని ఆపకుండా ఫోటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చుకుని కదలికను లెక్కకడుతుంది. 1999లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరరే సెకనుకు 1500 ఫోటోలు తీసేది, ఇప్పటివి అంతకు ఎన్నో రెట్లు తీస్తాయి. ఫోటోలో పోల్చుకోవడానికి ఏ గరుకూ, మచ్చా లేని గాజు బల్ల మీద అది గుడ్డిదైపోతుంది. క్లయింటుల ఆఫీసుల్లో గాజు బల్లలే ఎక్కువ, హోటల్లో నున్నగా మెరిసే గ్రానైటు. గాజు మీద కూడా పనిచేసే సెన్సరును లాజిటెక్ 2009లో డార్క్‌ఫీల్డ్ పేరుతో తెచ్చింది కానీ, అది ఉన్న మౌసులు విద్యార్థి కొనగల ధరలో ఉండవు. నేను మడిచి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకునే పలుచని గుడ్డ ప్యాడ్ ఒకటి వెంట ఉంచుకుంటాను. అది మరిచిపోయిన రోజున నోటుపుస్తకం అట్టతో పని గడిచిపోతుంది.

బరువు గురించి కూడా అడిగారు. ఆటకు 100 గ్రాములు, అంతకంటే తక్కువ ఉంటే హాయి. సెల్లుతో నడిచే మౌస్‌లో మామూలు ఆల్కలైన్ డబుల్ ఏ సెల్లు ఒక్కటే సుమారు 23 గ్రాములు ఉంటుంది, లిథియం డబుల్ ఏ సెల్లు వేస్తే 15 గ్రాములకు దిగుతుంది. ఛార్జింగు మౌస్‌కు ఈ గొడవ లేదు, కానీ లోపలి బ్యాటరీ కొన్నేళ్ళకు నీరసపడితే మార్చడం సులువు కాదు. ఊళ్ళు తిరిగేవాళ్ళకు ఏ కిరాణా కొట్లోనైనా దొరికే సెల్లే నయమని నా అభిప్రాయం. వేసవి సెలవుల్లో మాత్రం సెల్లు తీసి ఉంచమనండి. రెండు నెలలు అలాగే వదిలేసిన నా మౌస్‌లో సెల్లు కారి, స్ప్రింగు తుప్పు పట్టిపోయింది.

మన్నిక దగ్గరికి వస్తే, మౌస్ ముందుగా చెడేది సెన్సరు వల్ల కాదు, ఎడమ బటను కింద ఉండే స్విచ్ వల్ల. అందులోని పలుచని లోహపు రేకు పట్టు సడలినా, తగిలే చోట మలినం పేరుకున్నా, ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు నమోదవుతుంది. నేను ఇష్టపడి ఎక్కువ డబ్బు పెట్టి కొన్న మౌస్ ఒకటి పద్నాలుగో నెలలో ఇలా మొదలుపెట్టింది. గీత లాగుతుంటే మధ్యలో తెగిపోవడం, ఫైలు ఒక ఫోల్డరులోంచి ఇంకో ఫోల్డరులోకి లాగుతుంటే దారిలోనే జారిపోవడం. వారంటీ ఇంకా ఉన్నా బిల్లు కనబడక మార్పించుకోలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆ తరువాత కొన్న ప్రతి వస్తువు బిల్లునూ ఆ రోజే ఫోటో తీసి మెయిలులో దాచుకుంటున్నాను. ఎన్ని కోట్ల క్లిక్కులో పెట్టె మీద రాసిన అంకె కంటే, వారంటీ ఎన్నేళ్ళు ఉందో, సర్వీసు సెంటరు మీ ఊళ్ళో ఉందో లేదో చూడటం మేలు.

పేరు చెప్పమన్నారు కాబట్టి నేను వాడి చూసినవే చెబుతాను. మా మేనల్లుడికి ఇప్పించినది లాజిటెక్ జీ304. డబుల్ ఏ సెల్లుతో కలిపి 99 గ్రాములు, సెకనుకు 1000 సార్లు కబురు పంపే రిసీవరు, పై మూత తీస్తే రిసీవరు పెట్టుకునే అర. దీనికి బ్లూటూత్ లేదు, కాబట్టి ల్యాప్‌టాప్‌కు పాత ఆకారపు యూఎస్‌బీ పోర్టు ఒకటైనా ఉండాలి. పొడవు పదకొండున్నర సెంటీమీటర్ల పైచిలుకు కనుక మధ్యరకం చేతికి సరిపోతుంది, ఇరవై సెంటీమీటర్ల చేతికి మాత్రం చిన్నదనిపిస్తుంది. డబ్బు చాలకపోతే అదే ఆకారంలో వైరుతో వచ్చే జీ102 ఉంది, 85 గ్రాములు. రెండింటికీ ఒక లోపం ఉంది: క్లిక్కుల చప్పుడు ఎక్కువ. అర్ధరాత్రి గదిలో మరో ఇద్దరు నిద్రపోతుంటే అది చిన్న విషయం కాదు. మీ తమ్ముడికి ఆట కంటే చదువు పనే ఎక్కువైతే, నిశ్శబ్దంగా నొక్కుకునే మామూలు వైర్‌లెస్ మౌస్ తీసుకోవడమే గదిలోని వాళ్ళకు న్యాయం.

వీలైతే ఆన్‌లైన్‌లో కొనే ముందు అతన్నే వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళండి. హైదరాబాదు వైపు ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటరు దుకాణాల సముదాయంలో ఒక్క మధ్యాహ్నంలోనే పది రకాలు చేత్తో పట్టుకుని చూడవచ్చు. కొన్న వారంలోపు ఒక రోజంతా ఆటోకాడ్‌లో, ఒక రాత్రి ఆటలో వాడమనండి. చక్రం నొక్కితే జూమ్ దూకుతున్నా, బటను రెండుసార్లు పడుతున్నా, వారం దాటకముందే దుకాణానికి తీసుకెళ్ళి మార్పించేయండి. పెట్టె, లోపలి ప్లాస్టిక్ అచ్చు, బిల్లు అప్పటిదాకా పారేయవద్దు.