బరంపురంలో ఎనిమిది నెలలున్నంత మాత్రాన స్టేటస్ పోదు

మీ ఆయనది డచ్ పాస్‌పోర్ట్, మీది ఇండియన్ పాస్‌పోర్ట్, యూకేలో ప్రీ సెటిల్డ్ స్టేటస్ (బ్రెగ్జిట్ తర్వాత యూరప్ వాళ్లకీ, వాళ్ల కుటుంబాలకీ ఇచ్చే తాత్కాలిక నివాస హక్కు). అమ్మగారికి బాగోలేక వచ్చి బరంపురంలో ఎనిమిది నెలలైంది, మళ్లీ రానిస్తారా అని కదా మీ ప్రశ్న.

రానిస్తారు. మాది పర్లాకిమిడి. నేనూ 2020 ఫిబ్రవరిలో అమ్మ తుంటి ఆపరేషన్‌కని వచ్చాను. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తిరిగి లీడ్స్ చేరేసరికి అక్టోబరు. ఈలోగా ఒక ఏజెంటు "ఆరు నెలలు దాటింది, స్టేటస్ పోయినట్టే. ముప్పై వేలిస్తే మళ్లీ పెట్టిస్తా" అన్నాడు. ఆ టెన్షన్‌తో రెండు రోజులు అన్నం సయించలేదు. అసలు ఈ స్టేటస్ ఇచ్చే ఈయూ సెటిల్‌మెంట్ స్కీముకు దరఖాస్తు ఫీజే లేదు!

అతను రెండు లెక్కలు కలిపేశాడు. స్టేటస్ రద్దయ్యేది వరసగా ఐదేళ్లు బయట ఉంటేనే (2024 మే దాకా రెండేళ్లు). ఆరు నెలల మాట సెటిల్డ్ స్టేటస్, అంటే శాశ్వత నివాస హక్కు, అర్హతకు సంబంధించింది. ఏ పన్నెండు నెలల్లోనూ ఆరుకు మించి బయట ఉండకూడదు. గట్టి కారణముంటే ఒక్కసారి ఏడాది దాకా ఒప్పుకుంటారు. 2025 జూలై నుంచి ఇంకా సులువైంది, గత 60 నెలల్లో మొత్తం 30 నెలలు అక్కడ ఉంటే చాలు. పాస్‌పోర్ట్‌లో మన ఇమిగ్రేషన్ ముద్రలు చూసి లెక్కేసుకోండి.

మీ ప్రీ సెటిల్డ్ స్టేటస్ గడువు తేదీ గురించి భయపడకండి. 2020 డిసెంబరు 31 నాటికి అక్కడ ఉంటున్నవాళ్ల హక్కు బ్రెగ్జిట్ ఒప్పందంలోనే ఉంది. రెండోసారి దరఖాస్తు పెట్టలేదని దాన్ని తీసెయ్యడం కుదరదని 2022 డిసెంబరులో లండన్ హైకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరు నుంచి గడువును బ్రిటన్ హోం శాఖ వాళ్లే పొడిగిస్తున్నారు.

2024 మొదట్లో సెటిల్డ్‌కి పెడితే నన్ను అడిగింది ఆ ఎనిమిది నెలల సంగతే. డిశ్చార్జ్ కాగితం, రద్దయిన టికెట్ మెయిల్ పంపాను. నా పుట్టిన సర్టిఫికెట్ ఒడియాలో ఉంది, దానికి సర్టిఫైడ్ ఇంగ్లీషు అనువాదం. ఇంట్లో తెలుగు, కాగితం ఒడియా, దరఖాస్తు ఇంగ్లీషు! మా తాతగారు మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడడంతో ఇల్లు కదలకుండానే ఒడిశా మనిషయ్యారు. ఆయన్నెవరూ దరఖాస్తు పెట్టమనలేదు లెండి.

పాస్‌పోర్ట్ ఇక్కడ రెన్యూ చేయించి ఉంటే మాత్రం కొత్త నంబరు ఇవాళే మీ యూకేవీఐ (బ్రిటన్ వీసా విభాగం) ఖాతాలో చేర్చండి. ఇప్పుడంతా ఆన్‌లైన్‌లో ఉండే ఈ-వీసానే. పోయినసారి నా ఖాతాలో పాత నంబరు ఉండిపోయి, హైదరాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ పక్కన గంటన్నర నిలబెట్టారు.