రెండోసారి డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే పోలీసులిచ్చిన రసీదుతో బండి నడపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడు రెండోసారి బ్రీత్ అనలైజర్‌లో దొరికాడు. పోలీసులు లైసెన్స్ తీసుకుని రసీదు ఇచ్చారు. బండి నాన్నగారి పేరు మీద ఉంది, ఇన్సూరెన్స్‌కి ఇంకా గడువుంది. ఆ రసీదు దగ్గర పెట్టుకుని నడపొచ్చా?

నడపకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. లైసెన్స్ స్వాధీనానికి రెండు దారులున్నాయి. ఒకదానిలో ఇచ్చే రసీదు మీద రాసిన గడువు వరకు నడపనిస్తారు. కానీ మద్యం, అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, హెల్మెట్ లేకపోవడం, ట్రిపుల్ రైడింగ్ లాంటి వాటికి మోటారు వాహనాల చట్టం 206(4) కింద తీసుకుంటారు. ఆ రసీదు లైసెన్స్ పోలీసులు తీసుకున్నారనడానికి రుజువు మాత్రమే. లైసెన్స్ చేతికి తిరిగొచ్చేదాకా దాంతో బండి తీసే హక్కు లేదు.

తర్వాత కేసు రెండు చోట్ల నడుస్తుంది. మొదటిది కోర్టు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే 185వ సెక్షన్. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారి 15,000 జరిమానా లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ. ఇది మామూలు చలానాలా ఆన్‌లైన్‌లో కట్టేస్తే పోయేది కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టినా అది శిక్ష పడినట్టే లెక్క. పోయినసారి అలా కట్టేసి ఉంటే ఇప్పుడిది రెండో నేరమవుతుంది. కోర్టు లైసెన్స్ మీద వేటు వేస్తే 185 కింద అది కనీసం ఆరు నెలలు.

రెండోది ఆర్టీఏ. 19వ సెక్షన్ ప్రకారం మొదటి తప్పుకు మూడు నెలల సస్పెన్షన్, రెండోసారి నుంచి లైసెన్స్ రద్దే. అయితే మీ వాదన వినకుండా రద్దు చేయకూడదు. నోటీసు వస్తే హియరింగ్‌కి తప్పకుండా వెళ్లండి. స్వాధీనం రసీదు, కోర్టు ఉత్తర్వు, జరిమానా కట్టిన కాగితం వెంట తీసుకెళ్లండి. ఉత్తర్వు రాతపూర్వకంగా తీసుకుని, అందిన తేదీ రాసిపెట్టుకోండి. అప్పీలు గడువు ఆ రోజు నుంచి 30 రోజులే. సస్పెన్షన్‌తో బయటపడినా గడువు ముగియగానే లైసెన్స్ దానంతటదే రాదు, రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలి. వేరే ఊళ్లోనో వేరే రాష్ట్రంలోనో కొత్త లైసెన్స్ తీయిస్తామనే ఏజెంట్ల మాట వినొద్దు. పాత వేటు దాచి దరఖాస్తు చేయడం, వేటు ఉండగా నడపడం రెండూ 182వ సెక్షన్ కింద నేరాలే: మూడు నెలల వరకు జైలు లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

ఇక ఇన్సూరెన్స్. నాకు అన్నింటికన్నా భయం దీని గురించే. పాలసీ బండికి ఉంటుంది, కానీ నడిపేవాడికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలనీ, అతనిపై అనర్హత వేటు ఉండకూడదనీ అందులోనే రాసి ఉంటుంది. కాబట్టి తమ్ముడు నడుపుతూ గుద్దితే మీ బండి రిపేరు క్లెయిమ్ పోయినట్టే. ఎదుటివాడికి దెబ్బ తగిలితే సంగతి ఇంకా పెద్దది. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చాలాసార్లు ముందు కంపెనీని బాధితుడికి చెల్లించమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని చెబుతుంది. ఓనరంటే నాన్నగారే. ఎనిమిది లక్షల పరిహారమైతే ఆ ఎనిమిది లక్షలూ వడ్డీతో ఆయన ఆస్తి మీదకు వస్తాయి. ఓనరు తన వంతు జాగ్రత్త తీసుకున్నాడా అనేదే అక్కడ తేల్చే ప్రశ్న అని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. లైసెన్స్ పోయిందని తెలిసీ తాళం ఇస్తే ఆయన దగ్గర జవాబుండదు. అలా ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద విడిగా 5,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. ఈరోజే తాళం నాన్నగారి దగ్గర పెట్టించండి.

అలాగని పాలసీని వదిలేయకండి. ఇంట్లో ఇంకెవరు బండి తీసినా ఎదుటివారి నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. లేకపోతే మొదటిసారి 2,000, తర్వాత 4,000 జరిమానా. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది, ఈ కేసు వల్ల పెరగదు. ఫుల్ ఇన్సూరెన్స్ అయితే గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యూవల్ చేయించకపోతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మొత్తం పోతుంది.